గుండిగ అడుగు

మా గుండిగత్త ఒక మధ్యాహ్నం యూనివర్సిటీ హాస్టల్ భోజనాల హాల్లో కూర్చుని, అక్కడి పిల్లలు వదిలేసిన కంచాలన్నీ వరసపెట్టి ఊడ్చి తినేసింది. ఒక్క మెతుకు మిగల్లేదు. చివరి కంచం అయ్యాక మంచినీళ్లు తాగి, గట్టిగా తేన్చి, "ఇంకేమైనా ఉందా?" అని వార్డెన్‌ను అడిగింది. ఆ వార్డెన్ ఇప్పటికీ అన్నం గిన్నె కనిపిస్తే పక్క సందులోంచి తిరిగి వెళ్తాడు.

నమ్మరని తెలుసు. నేను చదువు మధ్యలో మానేశానని కూడా మా వీధిలో చెప్పుకుంటారు. మాస్టర్ల దగ్గరున్న చదువంతా నాకు సగం దారిలోనే అయిపోయిందని, మిగతా సగం కాలం ఏం చెప్పాలో తోచక వాళ్లే దండం పెట్టి పంపించారని ఎవరికీ పట్టదు. ఇప్పుడు చిన్న వ్యాన్ నడుపుతున్నాను. ఈ కథలో ఆ వ్యాన్ కూడా ఉంది. అత్త గురించి చెప్పడానికి అంతకన్నా అర్హత ఏ ఆచార్యుడి దగ్గరుందో చూపించండి.

అత్త నాకు చుట్టమేం కాదు. మా వీధి చివరి రేకుల ఇంట్లో ఉంటుంది కాబట్టి అత్త. హాస్టల్ వంటశాలలో గుండిగలు తోమేది కాబట్టి గుండిగత్త. కంచాలు కడగడానికి అక్కడ యంత్రం ఉంది. అన్నం వండే గుండిగకు మాత్రం లేదు. దాన్ని మింగగల నోరున్న యంత్రం ఇంకా పుట్టలేదు. అది ఎంత పెద్దదంటే, అత్త లోపలికి వంగి తోముతున్నప్పుడు వంటమేస్త్రి బయటినుంచి పిలిస్తే, ఆ పిలుపు లోపల నాలుగు చుట్లు తిరిగి, అలిసిపోయి, అప్పుడు ఆమె చెవిన పడేది. బయట మసి, లోపల మాడు. ఇనుప పీచు పట్టీపట్టీ ఆమె వేళ్లు ముడతలు పడిపోయాయి.

"నీ చేతులు చూస్తే నూరేళ్లు, మొహం చూస్తే యాభై, నోరు విప్పితే పదహారు" అన్నానొకసారి.

"నీకు నోరొక్కటే పెరిగిందిరా, వయసు రాలేదు" అంది.

ఆ వంటశాలలో ఒక పద్ధతి ఉండేది. ఏ గోడ మీదా రాసి లేదు, ఏ ఆఫీసుకూ తెలియదు. వడ్డన ముగిసిందనుకోగానే మేస్త్రి తన పొడుగు గరిటెను గుండిగలో బోర్లించేవాడు. అంతవరకూ ఆ అన్నం పిల్లలది. గరిటె బోర్లించాక దాని మీద ఎవరూ చెయ్యి వేయరు. అడుగున ఎంత ఉంటే అంతా గుండిగ తోమేవాళ్లది. కూర గుండిగకూ అంతే. వంటశాల పుట్టినప్పటినుంచీ అలాగే నడిచింది. అత్తకు ముందు ఆ పని చేసినామె కూడా గరిటె బోర్లించాకే మూట కట్టుకుని వెళ్లేదట.

మేస్త్రి మొహం ఎప్పుడు చూసినా తోమని గుండిగలాగే ఉండేది. బియ్యం పోసేటప్పుడు మాత్రం ఆ మనిషి చెయ్యి కాస్త జారేది. "ఎందుకు మేస్త్రీ అంత?" అని అత్త అంటే, "అడుగు పలచనైతే మాడుతుందమ్మా, తోముకోలేక చస్తావు" అని కసిరేవాడు. తోముడు సులువు కావాలని అన్నం మిగిల్చే వంటవాణ్ణి నేను భూమ్మీద ఆ ఒక్కణ్ణే చూశాను.

అత్త జీతాన్ని ఇంటి అద్దే, అవ్వ మందులే పంచుకుపోయేవి. రాత్రి తిండికి ఆధారం ఆ గుండిగ అడుగే. అవ్వ అంటే అత్తకు అత్తగారు. కొడుకు పోయాక కోడలితోనే ఉండిపోయింది. పళ్లన్నీ ఊడాయి గానీ ఆ లోటు నాలుక తీర్చేది. ఆ నాలుకతో కూరగాయలు తరగొచ్చు. కోడలి తిండి తింటోందని ఎవరైనా గొణిగితే వీధి మధ్యకు వచ్చేది.

"తింటున్నాను, అయితే ఏంటి? నా కోడలు ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపి తేలేదు. గుండిగ తోమింది, అడుగు తెచ్చుకుంది. నువ్వూ తోము, నువ్వూ తెచ్చుకో."

ఆ రేకుల ఇంటికి ఉన్న ఆస్తి ఆ ఒక్క మాటే.

ఇక హాస్టల్ పిల్లల తిండి సంగతి నన్నడగండి. వాళ్ల ఆకలి కడుపులో ఉండదు, కళ్లలో ఉంటుంది. కంచం మీద కొండ కట్టడం, ఆ కొండను ఫోటో తీయడం, ఫోటో చూసి ఎవరేమన్నారో చదువుకునేలోగా అది చల్లారిపోవడం, చల్లారిందని వదిలేసి గేటు బయట అంగడికి పోవడం. గుడ్డులో తెల్లసొన మాత్రమే తినేవాడు పచ్చసొన పారేస్తాడు. పచ్చసొన మాత్రమే తినేవాడు తెల్లసొన పారేస్తాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద, మోచేతులు తగిలేలా కూర్చుంటారు. ఒకడి సంగతి ఇంకొకడికి తెలియకుండానే డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోతారు. వాళ్లు వదిలేసిందంతా ఎంగిలి కంచాలు పెట్టే కిటికీ దగ్గర నీలం డ్రమ్ముల్లో పడేది. పొద్దున్నే చెత్త లారీ వచ్చి ఎత్తుకుపోయేది.

అలాంటి హాస్టల్‌కు ఒక ఏడాది ఉన్నట్టుండి కళ్లు తెరుచుకున్నాయి. ఆహారం వృథా మీద ఉద్యమం అన్నారు. దానికి ముందు నిలబడింది ఒక కళ్లజోడమ్మాయి. మంచి పిల్ల. తన కంచంలో మెతుకు వదిలేది కాదు. అత్తను చూస్తే నమస్కారం పెట్టేది. చెడ్డ పిల్ల అయి ఉంటే అత్త రెండు మాటలని ఊరుకునేది. మంచి పిల్లను ఏం చేస్తాం?

ముందు వృథా ఎంతో తూచాలన్నారు. కాటా తెచ్చి నీలం డ్రమ్ము మూత తీశారు. ఆ వాసనకు గోడ గడియారం కాసేపు ఆగిపోయింది. చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇందులో తిండి ఎంతో, కాగితాలెంతో విడదీయకుండా తూస్తే లెక్క తప్పుతుందని కళ్లజోడమ్మాయి తేల్చింది. మూత మళ్లీ పెట్టేశారు. అప్పుడు వాళ్ల చూపు వంటశాల మీద పడింది. అక్కడ గుండిగలో, బోర్లించిన గరిటె కింద, తెల్లగా పొడిపొడిగా అన్నం. ముక్కు మూసుకోకుండా తూచడానికి వీలైన వృథా.

"ఇదంతా మిగిలిపోయిందేనా ఆంటీ?" అంది అమ్మాయి.

"మిగిలింది కాదమ్మా. అడుగు."

"అడుగంటే?"

"అడుగంటే నాది."

పిల్లలు ముచ్చటపడి నవ్వారు.

"మీరొక్కరే ఎంత తింటారు ఆంటీ? మంచి అన్నం ఎటో పోతోంది కదా?"

"ఎటో పోవట్లేదు తల్లీ. మా ఇంటికి పోతోంది."

"అదే మేమూ అంటున్నది. దీనికో పద్ధతంటూ లేదు."

మేస్త్రి పొయ్యి దగ్గర్నుంచి అరిచాడు. "పద్ధతి లేకపోవడమేంటమ్మాయ్? గరిటె చూడు!"

అమ్మాయి గరిటె చూసింది. దాన్ని తీసి, తుడిచి, జాగ్రత్తగా పక్కన పెట్టి, అన్నాన్ని తూకానికి ఎక్కించమంది.

మర్నాడు హాలు తలుపు మీద పెద్ద అంకె వెలిసింది. మన హాస్టల్ రోజూ ఇంత అన్నం పారేస్తోంది, సిగ్గుపడదాం అని దాని కింద రాశారు. ఏనాడూ ఎవరూ పారేయని అన్నం అది. పిల్లలు దాని ముందు నిలబడి అయ్యో అన్నారు. అలా అంటూనే సగం నిండిన కంచాలు కిటికీలో పెట్టి వెళ్లిపోయారు. నీలం డ్రమ్ములు ఏ లెక్కలోకీ రాలేదు.

వార్డెన్‌కు ఈ ఉద్యమం తెగ నచ్చింది. తన జేబులోంచి ఏమీ పోకుండా పేరొచ్చే పని ఆయన జీవితంలో అదొక్కటే దొరికింది. ఇకమీదట గుండిగల్లో ఉన్నదంతా పొట్లాలు కట్టాలి, మూతలు అంటించాలి, పేదలకు పంచాలి. పనివాళ్లెవరూ మెతుకు ఇంటికి పట్టుకెళ్లకూడదు అన్నాడు. గేటు దగ్గర అత్త సంచీ తెరిచి చూడటం మొదలుపెట్టారు. మేస్త్రి అలవాటుకొద్దీ గరిటె బోర్లించేవాడు. ఉద్యమం పిల్లలు వచ్చి, దాన్ని పక్కన పెట్టి, పొట్లాలు కట్టుకునేవారు. రెండు మూడుసార్లు అయ్యాక మేస్త్రి గరిటెను మేకుకు తగిలించి ఊరుకున్నాడు.

అత్త ఇంట్లో ఆ విషయం చెప్పలేదు. ఉత్త రొట్టె కొని తెచ్చి, "మేస్త్రి సెలవు పెట్టాడు అత్తయ్యా. కొత్తవాడికి అడుగు నిలపడం రాదు" అంది. అవ్వ ఆ రొట్టెను నీళ్లలో నానబెట్టుకుంటూ కొత్తవాడి ఏడు తరాలనూ తిట్టింది. వాడికి ఆ తిట్లు తగిలి ఉంటే వంటశాల కూలిపోయేది. కానీ కొత్తవాడంటూ ఒకడు ఉండాలి కదా.

పొట్లాలు మోయడానికి బండి కావాలని కళ్లజోడమ్మాయి నన్ను పిలిచింది.

"ఎక్కడికమ్మా?"

"సర్వే చేశామన్నా. మీ వీధికి మొదటి స్థానం వచ్చింది."

"దేంట్లో?"

"ఆకలిలో."

మా వీధికి దేంట్లోనైనా మొదటి స్థానం రావడం అదే మొదలు. గట్టిగా హారన్ కొట్టాను.

సాయంత్రం ఎండ వాలే వేళకు వీధిలో బండి ఆపాను. పిల్లలు బ్యానర్ కట్టారు. జనం వరసలో నిలబడ్డారు. ఉచితమంటే మా వీధిలో ఆకలి లేనివాడికి కూడా ఆకలేస్తుంది. ఇస్త్రీ బండి ఆయన తన కోసం ఒకసారి, రాని బావమరిది కోసం ఒకసారి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అత్త పని ముగించుకుని ఖాళీ సంచీతో వీధి మలుపు తిరిగింది. బండినీ, పొట్లాలనూ చూసి గోడవారగా తప్పుకుని పోబోయింది.

"ఆంటీ!" అని కళ్లజోడమ్మాయి పరుగెత్తింది. "మీరు ఇక్కడే ఉంటారా? అయ్యో, ఎంత బాగుంది! మీ అన్నం మీ వీధికే వచ్చింది చూశారా?"

పొట్లం ఒకటి అత్త చేతిలో పెట్టింది. ఇంకొక పిల్లవాడు కెమెరా ఎత్తాడు.

"ఇటు చూడండి ఆంటీ. ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ. కొంచెం ముందుకు చాపండి. ఆ... అలా. నవ్వండి."

"ఏం వదినా, నువ్వూ వరసలోకి వచ్చేశావా?" అన్నాడు ఇస్త్రీ ఆయన. ఎత్తిపొడుపు కూడా కాదు, పలకరింపే.

ఎంత మాటకైనా అంతకు రెండింతలు తిరిగి ఇచ్చే అత్త, రెండు చేతుల్లో పొట్లం పట్టుకుని అలాగే నిలబడింది. రేకుల ఇంటి గుమ్మంలో అవ్వ గోడ పట్టుకుని నిలబడి ఉంది. అవ్వకు చూపు మందగించిందని వీధంతా అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

బండి సర్దుకుని ఆ ఇంటి ముందునుంచి వెళ్తుంటే తలుపు తీసే ఉంది. పొట్లం చాప మీద ఉంది.

"తెచ్చావా, ఇచ్చారా?" అంది అవ్వ.

"రోజూ తినేదే కదా అత్తయ్యా. అదే గుండిగ, అదే అన్నం. మేస్త్రి వండిందే."

"గుండిగ గురించి అడగలేదు నేను. తెచ్చావా, ఇచ్చారా?"

అత్త పొట్లాన్ని అవ్వ ముందుకు జరిపింది.

"రెండు చేతులూ చాపావు. చూశాను" అని అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది.

ఏదో ఒక వేళాకోళమాడి నవ్విద్దామని గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి బండెక్కాను. పొట్లం అలాగే ఉండిపోయింది. పొద్దున వీధి కుక్క దాని మూత కూడా నమిలింది.

అప్పటినుంచి అవ్వ వీధి మధ్యకు రాలేదు. కోడలి సంపాదన గురించి ఎవరేమన్నా వినబడనట్టే ఉండేది. బండి వచ్చే సాయంత్రాల్లో ఆ రేకుల తలుపు మూసి ఉండేది.

ఇంతలో ఆ ఫోటో హాస్టల్‌కు చేరింది. భోజనాల హాల్లో, కంచాల కిటికీకి ఎదురుగా, మనిషంత ఎత్తు బ్యానర్‌గా వేలాడదీశారు. రెండు చేతులూ చాచిన అత్త. కింద పెద్ద అక్షరాలు: మీరు వదిలేసే అన్నం ఈమెకు ఒక పూట భోజనం.

పారేయకండిరా అని చెప్పడానికి రాశారు దాన్ని. చదివిన పిల్లలకు ఇంకోలా తలకెక్కింది. వదిలేస్తే ఆ ఆంటీకి వెళ్తుందనుకున్నారు. అంతకుముందు వదిలేటప్పుడు పదిమందిలో ఒకడికైనా చెయ్యి వెనకాడేది. ఇప్పుడు అదీ పోయింది. నీలం డ్రమ్ములు మధ్యాహ్నానికే నిండిపోయేవి. మనసులు తేలికయ్యేకొద్దీ డ్రమ్ములు బరువెక్కాయి. ఆ డ్రమ్ములు చెత్తకుప్పకు పోతాయని, పొట్లాలకూ వాటికీ సంబంధమే లేదని ఒక్కడూ ఆలోచించలేదు. చదువుకునేవాళ్లకు ఆలోచించే తీరిక ఎక్కడిది?

అత్త ఆ బ్యానర్ కిందనుంచే రోజుకు ఎన్నోసార్లు గుండిగలు దొర్లించుకుంటూ పోయేది. తల ఎత్తేది కాదు. పిల్లలు బ్యానర్‌నూ ఆమెనూ మార్చి మార్చి చూసి మోచేతులతో పొడుచుకునేవారు.

ఇక నేను మొదట చెప్పిన మధ్యాహ్నం. పొట్లాలు ఎక్కించుకోవడానికి బండి వెనక తలుపు దగ్గర పెట్టి, హాల్లోకి తొంగి చూస్తున్నాను. అత్త ఖాళీ గుండిగను తీసుకుపోవడానికి వచ్చింది. ఒక పొడుగబ్బాయి కంచం పట్టుకుని కిటికీవైపు వెళ్తున్నవాడల్లా ఆమెను చూసి ఆగాడు. కంచంలో సగం అన్నం, కూర, కొరికి వదిలేసిన గుడ్డు.

"ఆంటీ, బ్యానర్లో ఉన్నది మీరే కదా?" అన్నాడు. "ఇది మీకోసమే ఉంచాను. కూర కూడా ఉంది."

వాడి మొహంలో ఎగతాళి లేదు. ఉంటే అత్త దగ్గర దానికి మందుంది. వాడు నిజంగా ఇవ్వడానికే ఇచ్చాడు.

అత్త కంచం అందుకుంది. డ్రమ్ము దగ్గరికి పోలేదు. గుండిగను నడిదారిలోనే వదిలేసి, దగ్గర్లో ఉన్న బల్ల దగ్గరికి వెళ్లి, కుర్చీ లాగి కూర్చుంది. పనివాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. కంచం ముందు పెట్టుకుంది. ఆమె వీపే నాకు కనబడుతోంది. చెయ్యి కంచంలోకి వెళ్లింది.

వార్డెన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? లే ముందు!"

"భోజనం పెట్టారు సార్."

"ఇది పిల్లల హాలు."

"పిల్లలే పెట్టారు."

కళ్లజోడమ్మాయి కూడా వచ్చింది. పాపం, ఆ పిల్ల కళ్లలో నీళ్లు. "ఆంటీ, ఏమైంది? మా వల్ల ఏదైనా తప్పు జరిగిందా? చెప్పండి, సరిచేస్తాం."

"నా అడుగు నాకిచ్చెయ్యండమ్మా" అంది అత్త.

"అది మీకే వస్తోంది కదా ఆంటీ! మీ వీధికే కదా పంపిస్తున్నాం!"

అత్త ఆమె మొహంలోకి చూసి, లేచి గుండిగ అందుకుంది.

అడుగు తిరిగి రాలేదు. క్రమశిక్షణ తప్పిందని అత్తను వంటశాలనుంచి తీసేసి, ఆవరణలో ఆకులు ఊడ్చే పనిలో వేశారు. ఉద్యోగం పోలేదు కదా, సంతోషించమన్నాడు వార్డెన్. గుండిగలకు ఇంకెవరినో పెట్టారు. వాళ్లకు గరిటె సంగతి మేస్త్రి కూడా చెప్పలేదు. ఏడాది చివర్లో ఆ హాస్టల్‌కు వృథా తగ్గించినందుకు ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని అద్దాల బీరువాలో పెట్టారు. బీరువాకు నాలుగడుగుల దూరంలో నీలం డ్రమ్ములకు తోడు ఇంకో డ్రమ్ము చేరింది.

అత్త ఇప్పుడు సాయంత్రం బియ్యం కొని తెచ్చి ఇంట్లోనే వండుతోంది. అవ్వ ఆ అన్నం తింటోంది. ఒక మందు మానేసింది. ఎందుకు మానేశావంటే, "చేదుగా ఉంది" అంటుంది. అది చేదుగా ఉండటం ఇన్నేళ్లకు ఎలా తెలిసిందని నేనడగలేదు.

ఇదంతా రాసి, మొదటినుంచి చివరిదాకా అత్తకు చదివి వినిపించాను. ఆవరణలో బల్ల మీద కూర్చుని, చీపురు ఒళ్లో పెట్టుకుని వింది. ఇంత గొప్పగా రాసేవాడివి చదువెందుకు మానేశావురా అంటుందేమోనని చూశాను. ఆమె లేచి, చీపురు పిడిని నేలకేసి తట్టి సరిచేసుకుంది.

"అన్ని కంచాలు కాదు. ఒక్కటే. అదీ తినలేదు. ఆ అబ్బాయి ఇచ్చేముందే అందులో చెయ్యి కడిగాడు."